వేసవికాలమున కోడిపిల్లల పోషణము
(రైతుల సభయందు చేసిన యుపన్యాసము)



ఈ దినము నేను మీతో ముచ్చటింప దలచినది పైరులను గూర్చి గాదు, ఎడ్లను గూర్చి గాదు. పెరటిలోని కోళ్ళను గూర్చి. కోళ్ళ వ్యవహారము ఆడవారిది, మనకేల యని కొందరు నవ్వవచ్చును. గ్రుడ్ల పైకము, పుంజుల పైకము ఇంటిలో ఉప్పునకు, నూనెకు, పిల్లల పుస్తకములకు ఎంత అక్కరకు వచ్చుచున్నదో ఇంటి యజమానురాలి నడిగిన తెలియును. బస్తా ధాన్యము తడిసిన ఊరంతయు చెప్పుకొందుము. వేసవిలో పండ్రెండు పిల్లలు పుట్టి మూడు మిగిలిన ఆ నష్టము నెవ్వరును లెక్క వ్రాయరు.

నేను పశువైద్యుడను గాను. రెవెన్యూ శాఖయందు కాగితములు తెనిగించువాడను. అయినను ఈ విషయము నాకు మా యింటనే పాఠముగా వచ్చినది. ఒక వైశాఖమాసమున మా కోడి పదునొకండు పిల్లలను లేపెను. గ్రద్ద భయముచేత తల్లిని పిల్లలను బండపరపుపై గంపక్రింద మూసి, పైన గోనె కప్పి, నేను కచేరికి పోతిని. సాయంకాలము వచ్చి చూచునప్పటికి తల్లి రెక్కలు జారవేసి నోరు తెరచియుండెను. ఎనిమిది పిల్లలు చచ్చి పడియుండెను. దృష్టి తగిలినదని యింటివారనిరి. గంపలో నీళ్ళ మూకుడు లేదు, గాలి చొరబడు సందు లేదు, ఉదయమున నీడగా నున్న తావు మధ్యాహ్నమునకు ఎండ యయ్యెను. చంపినది దృష్టి గాదు, నేనే.

పిల్లకు వెచ్చదనము కావలయునని మన మందర మెరుగుదుము. అది నిజమే. పుట్టిన మొదటి వారమున దానిచుట్టు 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడిమి యుండవలయును. పిమ్మట వారమునకు అయిదు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. కాని మన వైశాఖ జ్యేష్ఠములలో నీడయందే 105, ఒక్కొక్కనాడు 110 డిగ్రీలు దాటును. అనగా పగటివేళ సూర్యుడే కావలసినదానికంటె నెక్కువ యిచ్చుచున్నాడు. కోడికి మనవలె చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుటయే దాని ముఖ్యోపాయము. రొప్పినకొలది ఒంటిలోని నీరు పోవును. కాబట్టి చలికాలపు అలవాటు చొప్పున కప్పి మూయుట వేసవిలో ప్రాణాంతకము.

మాఘమునకు ముందు లేపిన పిల్లలు ఎండలు ముదురునాటికి ఈకలు వచ్చి గట్టిపడును. చేతనైనంతవరకు అట్లు చేయుట మేలు. చైత్రము తరువాత పొదుగునకు వచ్చిన కోడిని మాన్పదలచినచో, ముక్కున ఈక గ్రుచ్చు మోటు పద్ధతి వలదు. అడుగున గాలి తగులు తడికెల గూటిలో మూడు నాలుగు దినములు మేతయు నీరును ఇచ్చి యుంచిన దానంతట అదియే మానును.

పొదుగవేయక తప్పనిచో ఎనిమిది పది గ్రుడ్లకు మించి పెట్టరాదు. వేసవిలో మూడు నాలుగు దినములకంటె నిలువయున్న గ్రుడ్డు పనికిరాదు; వేడికి లోని పిండము సగము మేల్కొని పిమ్మట నశించును. తడి యిసుక నింపిన తొట్టిలో చిన్న కుండ నిలిపి, ఆ కుండలో గ్రుడ్లుంచి పలుచని గుడ్డ కప్పిన చల్లగా నుండును. గ్రుడ్లు మాత్రము తడియరాదు. పొదుగు బుట్టను మన్ను మిద్దెయింట, లేక పూరికప్పు క్రింద పెట్టవలయును. రేకుల కొట్టము పనికిరాదు. బుట్టక్రింద తడి యిసుక పరచిన, ఇరువది యొకటవ దినమున పెంకు లోపలిపొర ఎండి పిల్ల దానికంటుకొని చచ్చుట తగ్గును.

పిల్లలు లేచిన పిమ్మట మొదట ఇయ్యవలసినది మేత గాదు, నీరు. కడుపులో మిగిలిన పచ్చసొన దానికి ఒకటి రెండు దినములు ఆహారముగా నుండును. నీరు లేనిచో మాత్రము ఎండలో ఒక పూట యైనను నిలువదు. వెడల్పైన మూకుడులో గులకరాళ్ళు వేసి నీరు పోయవలయును. రాళ్ళు లేనిచో పిల్లలు తడిసియో మునిగియో పోవును. పది పిల్లలకు ఒక మూకుడు చాలునని తలంపక, రెండు తావుల నుంచుడు. బలము గల పిల్ల యొకదానిని అడ్డగించినను రెండవది మిగులును. నీరు నీడలో నుండవలయును; మధ్యాహ్నము మార్చవలయును. ఎండలో కాగిన నీటిని అవి ముట్టవు. ముట్టలేదు గనుక దాహము లేదని మన మనుకొందుము!

గంప వెడల్పు సందులు గలదై, నాలుగు రాళ్ళపై కొంచె మెత్తుగా నిలిచి, క్రిందినుండి గాలి వీచునట్లుండవలయును. వేపచెట్టు నీడ శ్రేష్ఠము. కాని నీడ తిరుగునని మరువరాదు. తాటాకు పందిరి యైనచో పడమటి వైపు తడికె కట్టి, మధ్యాహ్నము దానిపై నీళ్ళు చల్లవలయును. నేలను బురద చేయరాదు. నోరు తెరచి రెక్కలు జారవేసిన పిల్లను వెంటనే చల్లని చోటికి మార్చి, ముక్కును నీటిలో తాకించవలయును. పిల్లను నీళ్ళలో ముంచుట తప్పు.

నూకలు, మెత్తని జొన్నరవ్వ, సన్నముగ తరిగిన తోటకూర తెల్లవారుజామునను సాయంకాలమునను పెట్టుడు. తిన్న మేత యరుగునపుడు కూడ ఒంట వేడి పుట్టును గనుక నడి మధ్యాహ్నము మేత వలదు. పాతగోనె, పేడ, ఎండుటాకులు కుండలో వేసి తడిపి పుట్టయొద్ద బోర్లించి చెదలు పట్టు పద్ధతి మన పెద్దలది. పిల్లలకు అంతకంటె బలమైన మేత లేదు.

తల్లి లేక కొనితెచ్చిన పిల్లలకు రాత్రివేళ హరికేన్ లాంతరు కావలసివచ్చును. డిగ్రీలు కొలువ పనిముట్టు లేకున్నను చింతలేదు. దీపముక్రింద ఒకదానిపై నొకటి కుప్పగూడిన చలి. గోడలకంటి నోరు తెరచిన వేడి. అంతట చెదరి పండుకొనిన సరిగా నున్నదని యర్థము. తప్పించుకొనిపోవ చల్లని మూల యొకటి యుండవలయును. పిల్లలను ఊరినుండి ఊరికి తెచ్చుట తెల్లవారకముందే కావలయును.

కొక్కెర తెగులు, అనగా రాణిఖేతు జబ్బు, వచ్చిన పిమ్మట మందు లేదు. ముందుగా టీకాయే దిక్కు. మొదటి వారమున కంటిలోనో ముక్కులోనో చుక్కగా వేయుదురు. ఎనిమిది వారములకు సూదితో వేయుదురు. ఈ మందు జీవము గలది, ఎండకు చచ్చును. మంచుగడ్డల ఫ్లాస్కులో తెచ్చి, కలిపిన గంట రెండు గంటలలో చల్లని వేళ వేయవలయును. జేబులో పెట్టుకొని తెచ్చిన సీసాతో టీకా వేయించి, పిమ్మట టీకా పనిచేయలేదని నిందించువారు కలరు.

గూటి పగుళ్ళలో నల్లిని పోలిన కోడిపేడు దాగి రాత్రులు రక్తము పీల్చి జ్వరము తెచ్చును. పగుళ్ళను మట్టితో పూడ్చి సున్నము కొట్టవలయును.

రోహిణి కార్తె దాటి మృగశిర గాలులు వీచునపుడు ఒక హెచ్చరిక. ఎండకు తాళిన పిల్ల మొదటి వానకు తడిసి ఒక్క రాత్రిలో బిగుసుకొనిపోవును. తడిసిన నేలలో రక్తపారుడు కూడ పుట్టును. మబ్బు క్రమ్మిన సాయంకాలమే గంపను వసారాలోనికి చేర్చి, క్రింద పొడి వరిపొట్టు పరచుడు.