చిన్నబిడ్డల ప్రమాణం, పెద్దల బాధ్యత

(సండేస్కూలు ఉపాధ్యాయుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శతవార్షికోత్సవ సందర్భంలో మన అధ్యక్ష మండల చరిత్రను గూర్చి, మనకంటె ముందు ప్రయాసపడినవారిని గూర్చి మాట్లాడదగిన పెద్దలు చాలామంది ఉన్నారు. నాకిచ్చిన అంశం పిల్లల పరిచర్య. దానిని నేను కొంచెం పక్కదారిన తీసుకొని వెళతాను. స్కౌటు ఉద్యమంలో పదేళ్ళ లోపు మగపిల్లలను కబ్బులని, ఆడపిల్లలను బుల్‌బుల్‌లని పిలుస్తారు. వారిచేత చేయించే ఆచారాలను గూర్చి, అటువంటి ఒక ఆచారం దగ్గర నేను చేసిన తప్పును గూర్చి చెప్పాలని ఉంది.

తప్పు ముందు చెబుతాను. అది చెప్పకుండా మిగతాది చెప్పే అర్హత నాకు లేదు.

కొన్నేళ్ళ క్రితం నేను పరిచర్య చేస్తున్న ఊరిలో, గుడికి దగ్గరలో ఉన్న ఒక పాఠశాలలో కబ్ పిల్లల ప్రమాణ స్వీకారానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. సాయంత్రం నాలుగు గంటలకు. నేను పాస్టరేటు కమిటీలో కూర్చుని ఉన్నాను. ప్రహరీ గోడ మరమ్మతు విషయం తెగలేదు. అయ్యగారి కోసం ఆగుతారులే అనే ధీమా ఒకటి మా గురువులకు ఉంటుంది. అది ఒప్పుకోవాలి. నేను వెళ్ళేసరికి అయిదున్నర కావస్తున్నది. పిల్లలు మైదానంలో నిలబడే ఉన్నారు. కూర్చోబెడితే వరుస చెదిరిపోతుంది, అయ్యగారు ఏ క్షణాన వస్తారో అని పెద్దలు కూర్చోనివ్వలేదట.

ఆ రోజు పదకొండు మంది కొత్త పిల్లలు. పదిమంది చెప్పేశారు. చివరివాడికి ఏడేళ్ళుంటాయి. ముందుకు వచ్చి చెయ్యి ఎత్తాడు, మొదటి మాట అన్నాడు, అక్కడే ఆగిపోయాడు. అప్పుడు చూశాను, వాడి నిక్కరు తడిసి ఉంది. కుర్చీలలో ఉన్నవారిలో కొందరు నవ్వారు. పిల్లలను చూసే టీచరమ్మ ఏమీ తొందరపడకుండా వాడి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. ఆమె చీర వెడల్పుకు వాడు మా కుర్చీలకు కనబడకుండా పోయాడు. చెవిలో ఏదో చెప్పింది. వాడు ప్రమాణమంతా ఆమె ఒక్కదానికే వినబడేటట్లు చెప్పాడు. ఆమె స్కార్ఫు కట్టి, టోపీ పెట్టింది. వాడు పద్ధతి ప్రకారం గుంపువైపు తిరిగి సెల్యూటు చేశాడు. గుంపంతా వాడికి తిరిగి సెల్యూటు చేసింది. వాడు వలయంలో తన చోటికి వెళ్ళగానే అటువాడు ఇటువాడు ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్క అడుగు వాడికి దగ్గరగా జరిగారు.

ఆ తరువాత నేను లేచి క్రమశిక్షణను గూర్చి ఇరవై నిమిషాలు మాట్లాడాను.

చీకటి పడ్డాక సిగ్గు వేసింది. మరునాడు ఆమెను అడిగాను. "వాడితో ఏం చెప్పారు టీచరుగారూ?"

"ఏముందండీ అయ్యగారూ. నీకు చేతనైనంత చెప్పు నాన్నా, చాలు అన్నాను. వాళ్ళ ప్రమాణంలో ఉన్న మాటేగదండీ అది."

ఆ మాట పట్టుకొని నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. బేడెన్ పవెల్ 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో మొదటి శిబిరం నడిపాడు, 1908లో పుస్తకం రాశాడు. ఇది చాలామందికి తెలిసిన సంగతే. అన్నలు స్కౌట్లయితే తమ్ముళ్ళు ఇంట్లో ఊరుకుంటారా? వాళ్ళూ వెంటబడ్డారు. పెద్దపిల్లల చొక్కానే కత్తిరించి చిన్నపిల్లలకు తొడిగితే సరిపోదని ఆయన గ్రహించాడు. కిప్లింగు అనుమతి తీసుకొని, ఆయన 1894లో ప్రచురించిన జంగిల్ బుక్ కథను తెచ్చి, 1916 డిసెంబరు 16న లండనులోని కాక్స్‌టన్ హాలులో తోడేలు పిల్లల శాఖను, అంటే వుల్ఫ్ కబ్బులను, ప్రజల ముందు పెట్టాడు.

ఆ కథ జరిగేది మన మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవులలో. గుంపు నాయకుడి పేరు అకేలా, అంటే హిందీలో ఒంటరివాడు. బాలూ అంటే భాలూ, ఎలుగుబంటి. లండను పిల్లలు వలయంలో కూర్చుని హిందీ పేరుతో తమ నాయకుణ్ణి పిలుస్తుంటే, అదే కాలంలో మన దేశంలో స్కౌటు దళాలు చాలామట్టుకు ఐరోపా, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. 1909లో బెంగుళూరులో మొదటి దళం అటువంటి పిల్లలతోనే ఆరంభమైంది. మన పిల్లల అడవి పనికొచ్చింది గాని మన పిల్లలు పనికిరాలేదు. అందుకే 1916లో మదరాసులో అనిబిసెంటమ్మ, అరండేలు వేరుగా ఒక సంఘం పెట్టవలసి వచ్చింది. 1917లో ఉత్తరాదిన మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లను ఆరంభించారు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అనే ఒక్క గొడుగు కిందికి వీరంతా రావడం 1950 నవంబరు 7న. గైడ్లు మరుసటి ఏడు చేరారు. వలయం గీసేటప్పుడు ఎవరు లోపల, ఎవరు బయట అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. మన గుడులలో వేరు వేరు చాపలు పరచుకున్న రోజులు తెలిసినవారికి నేను ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఇక ఆచారం సంగతి. గ్రాండ్ హౌల్ అని వారి ముఖ్యమైన వందనం. పిల్లలు అకేలా చుట్టూ వలయంగా వచ్చి మడమలమీద గొంతు కూర్చుంటారు. రెండు చేతుల వేళ్ళూ పాదాల మధ్య నేలకు ఆనిస్తారు, తోడేలు పిల్ల ముంగాళ్ళవలె. తల వెనక్కు వాల్చి, మా శక్తికొలది చేస్తామని అకేలాతో ఒక్క గొంతుగా అరిచి, ఒక్కసారిగా లేచి, రెండేసి వేళ్ళు తలకిరుపక్కలా చెవుల్లాగా పెట్టుకుంటారు. అప్పుడు గుంపులో ఒక పిల్లవాడు, మీరు శక్తికొలది చేస్తారా అని తోటివారిని అడుగుతాడు. వారు చేస్తామంటారు. అడిగేది పెద్దవాడు కాదు, తోటిపిల్లవాడు. ఇది గమనించండి. ప్రమాణం చేయని కొత్త పిల్లవాడు ఇందులో కలవడు. ప్రమాణం అయిన క్షణాన్నే, వాడు మొదటిసారి గుంపుతో గొంతు కలుపుతాడు. ఇంతా కలిసి పది నిమిషాలు పట్టదు.

స్కౌటు ప్రమాణానికీ కబ్బు ప్రమాణానికీ తేడా ఒకటున్నది. స్కౌటు తన గౌరవం మీద ఒట్టు పెట్టి మాట ఇస్తాడు. కబ్బు ప్రమాణంలో గౌరవం అనే మాటే లేదు. దేవునియెడల, దేశంయెడల తన విధిని శక్తికొలది నెరవేరుస్తాననీ, కబ్బుల నియమం పాటిస్తాననీ, రోజుకొక మంచిపని చేస్తాననీ అంటాడు, అంతే. ఏడేళ్ళవాడిని గౌరవం తాకట్టు పెట్టమని అడగలేదు. ఈ ఒక్క విషయంలో ఆ సైనికుడు మా వంటి వేదాంత పట్టభద్రుల కంటె పిల్లలను బాగా ఎరిగినవాడు అనిపించింది.

ఆడపిల్లల శాఖ 1914లో రోజ్‌బడ్స్ అనే పేరుతో మొదలైంది. గులాబి మొగ్గలమని పిలిపించుకోవడం ఆ పిల్లలకే నచ్చలేదు. మరుసటి ఏడు బ్రౌనీలయ్యారు. ఇంటిపనులు రహస్యంగా చేసిపెట్టే చిట్టి ప్రాణుల కథనుండి ఆ పేరు. ఆ కథలో, సాయం చేసే ప్రాణి ఎక్కడున్నదో చూడాలంటే కొలనులోకి చూడమని గుడ్లగూబ చెబుతుంది. చూస్తే కనబడేది చూసే పిల్ల ముఖమే. అందుకని వారి ప్రమాణ స్వీకారంలో నేలమీద ఒక అద్దం పెట్టి, చుట్టూ ఆకులు, పూలు పేర్చి కొలనుగా చేసేవారు. పిల్ల వంగి చూసుకొనేది. మన దేశంలో ఈ శాఖకు మొదట బ్లూబర్డ్స్ అని, తరువాత బుల్‌బుల్ అని పేరు వచ్చింది. మనం సండేస్కూల్లో ఎన్ని పాఠాలు చెప్పినా ఆ అద్దమంత సూటిగా చెప్పామా అని నాకు అనుమానం.

అమెరికాలో 1930లో కబ్ శాఖ మొదలైంది. అక్కడ బాబ్‌కాట్ అనే తొలి బ్యాడ్జిని తలకిందులుగా గుచ్చి, ఒక మంచిపని చేశాక సరిచేసే ఆచారం ఒకటి వచ్చింది. ఎంత ముచ్చటగా ఉంది! అయితే కొన్నిచోట్ల పిల్లవాడినే తలకిందులుగా ఎత్తి పట్టుకోవడం దాకా పోయింది. ప్రమాదమని పెద్దలు వద్దన్నారు. చూసేవారి వినోదం కోసం ఆచారం సాగితే దాని గతి అదే. నేను ఆలస్యంగా వెళ్ళిన రోజున కుర్చీలలోంచి వచ్చిన నవ్వూ ఆ జాతిదే.

కొంతకాలానికి ఆ పాఠశాలలో కొత్త గదులు కడుతూ మైదానం తవ్వేశారు. శనివారం సాయంత్రాలు మన గుడి ఆవరణ వాడుకుంటామని టీచరమ్మ అడిగింది. కమిటీలో పెద్ద చర్చే జరిగింది. ఒక పెద్దాయన లేచి, "దేవుని మందిరం ముందర తోడేళ్ళ అరుపులేమిటి అయ్యగారూ? గొర్రె తోలు కప్పుకున్న తోడేళ్ళను గూర్చి ప్రభువే హెచ్చరించాడు గదా" అన్నారు. మరొకరు, ఇది అన్యాచారమన్నారు. వారిని తేలికచేయడం నా ఉద్దేశం కాదు. పిల్లలు దేనికి మొక్కుతున్నారో చూసుకోవడం పెద్దల పనే. నేను యెషయా పదకొండవ అధ్యాయం తెరిచి, తోడేలు గొర్రెపిల్లతో కాపురముండే ఆ రాజ్యంలో వాటిని తోలుకొనిపోయేది ఎవరో చదవమన్నాను. చిన్నబిడ్డ. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "అయితే అరుపు ఆరాధన వేళకు కాకుండా చూడండి" అన్నారు. ఆ షరతు న్యాయమైనదే.

ఆ ప్రమాణంలో దేవుని పేరు ఉండటం మనకు సంతోషం. మన దేశపు ప్రమాణంలో దేవుడు అనే మాటకు బదులు, కావాలనుకున్నవారు ధర్మం అని చెప్పుకోవచ్చు. ఇంగ్లండులో 2013లో ఆడపిల్లల సంస్థ దేవుని పేరు తీసివేసింది. స్కౌట్లు 2014నుండి నమ్మకం లేనివారికి వేరొక ప్రమాణం ఇచ్చారు. అది చదివినప్పుడు నాకు బాధ కలిగింది. తరువాత ఆలోచించాను. నమ్మని మాటను పిల్లవాడి నోట పలికించడంవల్ల దేవునికి కలిగే ఘనత ఏముంది? ఈ విషయంలో మీలో కొందరు నాతో ఏకీభవించరని తెలుసు.

యెఫ్తా ఆవేశంలో మొక్కుకున్నాడు, ఆ మొక్కును మోసింది అతని కూతురు. పేతురు, ఎందరు విడిచినా నేను విడువనన్నాడు, కోడి కూయకముందే ఏమైందో ఎరుగుదుము. పెద్దలకే ఇలా ఉంటే, క్రిస్మసు కార్యక్రమంలో అయిదేళ్ళ పిల్లను మైకు ముందు నిలబెట్టి జీవితాంతం ప్రభువు సేవ చేస్తానని చెప్పించి చప్పట్లు కొడుతున్నామే, అది ఎవరి కోసం? మన సంఘ క్రమంలో శిశువుకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు మాట ఇచ్చేది తల్లిదండ్రులు, సంఘం. బిడ్డ ఏమీ చెప్పడు. వాడు తనంతట తాను చెప్పడానికి కన్ఫర్మేషను వరకు వేచి ఉంటాము. ఆ మధ్య ఏళ్ళలో వాడి నోట ఎంత బరువు పెట్టాలో మనం ఆలోచించలేదు.

అలాగని ఆచారాలు వద్దనడం లేదు. యొర్దానులోనుండి పన్నెండు రాళ్ళు తెచ్చి నిలబెట్టమన్నది పిల్లలు చూసి ఇవేమిటని అడగడానికే. పస్కా సంగతీ అంతే. పిల్లవాడు అడగాలి, పెద్దవాడు జవాబు చెప్పాలి. మన గుడిలో మూడవ తరగతి పిల్లలకు బైబిళ్ళు ఇచ్చే ఆదివారం ఒకటున్నది. ఒక ఏడు నేను ఆ పిల్లలను, ఇదెందుకు ఇస్తున్నామో తెలుసా అని అడిగాను. ఒకడు, ఫోటో తీయడానికి అన్నాడు.

ఇప్పుడు ఆ ఆదివారం ముఖ్య అతిథి లేడు. పిల్లలను ఆరాధన మొదట్లోనే పిలుస్తాము, చివర్లో కాదు, ఆకలివేళ అసలే కాదు. కిందటేడు బైబిలు అందుకున్న పిల్లవాడే ఈ ఏటివాడిని చేయి పట్టుకొని తీసుకువస్తాడు. వారు చెప్పే మాట ఒక్కటే, చేతనైనంత చదువుతామని. సంఘం లేచి నిలబడి, మేము చేతనైనంత నేర్పుతామని వారికి జవాబు చెబుతుంది. లేవడానికి మొదటి ఏడు కొందరు బద్ధకించారు. ఇప్పుడు లేస్తున్నారు.

మూడేళ్ళ తరువాత ఆ పిల్లవాడు కబ్బులనుండి స్కౌట్లలోకి వెళ్ళే రోజు వచ్చింది. నాలుగు గంటలకన్నారు. నేను మూడున్నరకే వెళ్ళి చెట్టుకింద అరుగుమీద కూర్చున్నాను. టీచరమ్మ నేలమీద ముగ్గుతో ఒక గీత గీసింది. గీతకు అవతల స్కౌటు మాస్టరు, పెద్దపిల్లలు. ఇవతల గుంపు వాడి కోసం చివరిసారి గ్రాండ్ హౌల్ చేసింది. వాడు ఒక్కొక్కరితో కరచాలనం చేశాడు. టీచరమ్మ వాడిని గీత దాకా నడిపించి అక్కడ చేయి వదిలింది. వాడు దాటాడు.

అంతా అయ్యాక నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మీరు మాట్లాడరా?" అని అడిగాడు.

"లేదు నాన్నా, ఇవాళ వినడానికే వచ్చాను" అన్నాను.

"అయితే మంచినీళ్ళు తాగి వస్తానండి" అని కుండవైపు పరుగెత్తాడు.