ఆటలాడు పిల్లల తలదెబ్బలు - పరీక్షల విశ్వసనీయత



త్రాసు మంచిదగునో కాదో తెలిసికొనుటకు పెద్దలు ఒక ఉపాయము చెప్పుదురు. ఒకే వస్తువును ఉదయమొకసారి, సాయంకాల మొకసారి తూచి చూడవలెను. రెండు తూకములును ఒక్కటైననే ఆ త్రాసును నమ్మవచ్చును. ఆటస్థలమున పిల్లల తలకు దెబ్బ తగిలినప్పుడు చేయు పరీక్షలకును ఈ న్యాయమే వర్తించును.

తలకు గాని దేహమునకు గాని బలమైన దెబ్బ తగిలి, కపాలములోని మెదడు అదరి, దాని పని కొంతకాలము తారుమారగుటను వైద్యులు 'కంకషన్' అందురు. స్పృహ తప్పిననే ఇది కలుగునని పలువురు తలంతురు. అది పొరపాటు, పెక్కుమందికి స్పృహ తప్పదు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి, మతిమరుపు, వెలుతురు నోర్వలేకుండుట దీని లక్షణములు. సి.టి. చిత్రము రక్తస్రావమును, ఎముక విరుగుటను చూపును గాని, ఈ అదురును సామాన్యముగా చూపదు. కావుననే ప్రశ్నలడిగి పరీక్షింపవలసి వచ్చినది.

2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున జాకరీ లిస్టెడ్ అను పదమూడేండ్ల బాలుడు ఫుట్‌బాల్ ఆడుచు పడగా తల నేలకు తగిలెను. కొంతసేపు కూర్చుండి, ఆ బాలుడు మరల ఆటలో దిగెను. ఆట ముగియగనే కుప్పకూలెను. మెదడు వాపు తగ్గించుటకై వైద్యులు కపాలమును తెరువవలసి వచ్చెను. ప్రాణము దక్కెను గాని, ఏండ్ల తరబడి చికిత్స తప్పలేదు. అతని పేర 2009లో ఆ రాష్ట్రము ఒక చట్టము చేసెను: అనుమానము కలిగిన బాలుని వెంటనే ఆటనుండి తప్పింపవలెను, అర్హుడైన వైద్యనిపుణుడు వ్రాసి యిచ్చువరకు మరల ఆడనీయరాదు. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములలోను ఇట్టి చట్టములు వచ్చెను.

ఇక పరీక్షల సంగతి. 2004లో ప్రేగ్ నగరమున జరిగిన నిపుణుల సమావేశమునుండి 'స్కాట్' అను పరీక్షాపత్రము పుట్టెను. 2013లో పిల్లలకు వేరుగా ఒకటి వెలువడెను. బాలుని బాధలను బాలునే అడుగుదురు. తల్లిదండ్రులను వేరుగా అడుగుదురు. కొన్ని మాటలు చెప్పి తిరిగి చెప్పుమందురు. వారముల పేర్లను వెనుకనుండి చెప్పించెదరు. ఒక పాదము వెనుక మరొక పాదముంచి, కన్నులు మూసి 20 సెకండ్లు నిలువుమందురు. కంప్యూటరు మీద చేయు పరీక్షలును కలవు. ఆటలకాలమునకు ముందే ఒకసారి పరీక్షించి, దెబ్బ తగిలిన పిమ్మట మరల పరీక్షించి, రెంటిని పోల్చుట కొందరి పద్ధతి.

ఈ పోలికలోనే చిక్కున్నది. 2007లో వెలువడిన ఒక అమెరికను పరిశోధనలో దెబ్బలు తగులని కళాశాల విద్యార్థులనే కొన్నివారముల యెడముతో మరల పరీక్షించిరి. పూర్తిగా సరిపోలిన 1 రావలసియుండగా, పేరొందిన ఒక కంప్యూటరు పరీక్షలోని అంశములకు 0.15 మొదలు 0.39 వరకే వచ్చెను. తరువాతి పరిశోధనలు కొన్ని ఇంతకంటె మెరుగైన ఫలితము లిచ్చెను గాని, సందేహము మాత్రము తీరలేదు.

పిల్లల విషయమున చిక్కు మరింత పెద్దది. వారి బుద్ధి నానాటికి ఎదుగుచుండును. ఏడాది క్రిందటి మార్కులతో పోల్చినచో, దెబ్బ తగిలిన బాలుడును బాగుగనే యున్నట్లు తోచవచ్చును. నిద్రలేమి, అలసట, ఆటస్థలపు గోల, ఒకసారి చేసిన పరీక్షయే మరల చేయుట - ఇవన్నియు ఫలితమును మార్చును. ఐదు మాటలే యిచ్చినచో పెక్కుమంది అన్నియు చెప్పగలుగుదురు, దెబ్బ తెలియదు. అందుచే 2023 నాటి కూర్పులో పది మాటలు పెట్టిరి. అన్నిటికి మించి, ఆటమీది మమకారముచే బాలుడు తన బాధను దాచును.

అట్లని పరీక్షలు వ్యర్థములు కావు. మొదటి మూడు దినములలో, తెలిసిన వైద్యుని చేతిలో అవి మిక్కిలి తోడ్పడును. అయితే మార్కులు బాగుగ వచ్చినంత మాత్రమున దెబ్బ లేదని తేల్చరాదని ఆ పరీక్షను కూర్చిన నిపుణులే హెచ్చరించిరి. పరీక్ష వైద్యుని కన్నునకు తోడు, తీర్పు వైద్యునిదే.

కబడ్డీ బరిలో వెల్లకిల పడిన బాలునకును, క్రికెట్ బంతి తలకు తగిలిన బాలికకును ఇదే నియమము. అనుమానము కలిగినచో ఆనాటికి ఆట చాలింపవలెను. బిడ్డను ఒంటరిగా విడువరాదు. వాంతులు మాటిమాటికి వచ్చినను, తలనొప్పి హెచ్చుచున్నను, మగతగా నున్నను, ఫిట్లు వచ్చినను, కాలుచేతులు పట్టు తప్పినను, తడయక ఆసుపత్రికి కొనిపోవలెను. ఇవి లేనప్పుడును వైద్యునికి చూపవలెను. ఒకటి రెండు దినములు విశ్రాంతి యిచ్చి, మెల్లమెల్లగా చదువునకు, పిదప ఆటకు మరలింపవలెను.

ఆట మాన్పించుట యెవ్వరికిని ఇష్టము కాదు. ఒకనాటి పందెము పోయినను మరునాడు మరల వచ్చును. బిడ్డ మెదడునకు కలిగిన లోటు అట్లు తీరునది కాదు. ఈ మాట తల్లిదండ్రులును, వ్యాయామోపాధ్యాయులును, జట్టులోని తోటి పిల్లలును ఎరిగియుండుట మేలు.