ఇలస, పులస: చేప ఒకటే



నరసాపురం రేవు మీకు తెలిసిందే. ఇవతల నరసాపురం. అవతల సఖినేటిపల్లి. మధ్యన వశిష్ఠ గోదావరి. ఇంకా కిందికి పోతే అంతర్వేది దగ్గర సముద్రం. వానాకాలంలో ఎర్రనీరు దిగిందంటే చాలు, అందరి నోటా ఒకటే మాట. పులస పడిందా? "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అని సామెత కూడా ఉంది కదా!

అప్పుడు రేవులో బేరం ఇలా సాగుతుంది.

"ఏమ్మా, ఇది పులసేనా?"

"పులసేనండి బాబూ. తెల్లారగట్ల గోదాట్లో పడింది."

"ఇలస తెచ్చి పులస అంటున్నావేమో!"

"అయ్యో, అంత మాటెందుకండి! ఆ మెరుపు చూడండి."

ఈ బేరంలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఇలస, పులస ఒకే చేపా? రెండు చేపలా? పేర్లు రెండు కాబట్టి చేపలు కూడా రెండేనా? ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకడమే శాస్త్రజ్ఞుల పని. వాళ్లు ఏం చేస్తారో చూద్దాం.

ముందు ఒళ్లంతా చూస్తారు. మనం రంగు చూస్తాం, మెరుపు చూస్తాం. రంగు మారిపోవచ్చు. వయసును బట్టి, నీటిని బట్టి మారుతుంది. అందుకని వాళ్లు మారని గుర్తులు వెతుకుతారు. వాటిని లెక్కపెడతారు. పులస పైదవడ మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది. పొట్ట అడుగున రంపపు పళ్లలా గట్టి పొలుసులు వరసగా ఉంటాయి. అవి 30 నుంచి 33 దాకా ఉంటాయి. మొప్ప ఎత్తి చూస్తే లోపల దువ్వెన పళ్ల లాంటివి కనబడతాయి. నీటిలోని సన్నని మేతను చేప వాటితోనే వడగట్టుకుంటుంది. పులసకు మొప్ప కింది భాగంలో ఈ పళ్లు 100 నుంచి 250 దాకా ఉంటాయి. దీనికి దగ్గర చుట్టం తోలి అనే చేప. చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. దానికి ఆ పళ్లు 100కి మించవు. చూపుకి ఒకటే అనిపించినా, లెక్కపెడితే తేడా బయటపడుతుంది.

ఇలసను, పులసను పక్కపక్కన పెట్టి ఇలా లెక్కపెడితే ఏం తేలింది? నొక్కు అదే. పొలుసు అదే. మొప్ప అదే. రెండూ ఒకే జాతి.

జాతి అంటే ఏమిటి? తమలో తాము జతకట్టి పిల్లల్ని కనాలి. ఆ పిల్లలు కూడా మళ్లీ పిల్లల్ని కనాలి. గుర్రానికీ గాడిదకీ కంచరగాడిద పుడుతుంది. కంచరగాడిదకు మాత్రం సాధారణంగా సంతానం ఉండదు. అందుకే గుర్రం ఒక జాతి, గాడిద వేరొక జాతి.

సముద్రంలో తిరిగే ఇలసే గుడ్లు పెట్టడానికి గోదావరి ఎక్కుతుంది. ఏటికి ఎదురీది వచ్చిన ఆ చేపనే మన గంగపుత్రులు పులస అన్నారు. నీరు మారింది, ఒంట్లో కొవ్వు మారింది, రుచి మారింది. జాతి మారలేదు. పుట్టింట్లో అమ్మాయి, అత్తింట్లో కోడలు. మనిషి ఒక్కతే కదా!

జాతి తేలాక, దాని చుట్టాలెవరో చూస్తారు. ఉత్తరం మీద చిరునామా ఎలా రాస్తాం? మనిషి పేరు, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం. అలాగే ప్రతి ప్రాణికీ ఒక చిరునామా ఉంది. జాతి, దానిపైన ప్రజాతి, దానిపైన కుటుంబం. ఇలా పైకి పోతే చివరకు జంతువులా, మొక్కలా అనే దాకా వెళుతుంది. పులస చిరునామా పట్టుకుని పైకి పోతే కవళ్లు, నెత్తళ్లు దాని చుట్టాలుగా తగులుతాయి. రొయ్య మాత్రం దాని చుట్టం కాదు. రెండూ నీటిలోనే ఉంటాయి, ఒకే గంపలో అమ్ముతారు. చేపకు వెన్నెముక ఉంది, రొయ్యకు లేదు. రొయ్యకు చుట్టం పీత. తిమింగలం సంగతి ఇంకా వింత. అది ఉండేది సముద్రంలోనే, అయినా పిల్లకు పాలిస్తుంది. కాబట్టి అది చేప కాదు, ఆవు లాంటి పాలిచ్చే జంతువు. ఎక్కడ ఉంటుందో చూసి చుట్టరికం కలపకూడదు. ఒంటి కట్టడి చూడాలి. ఈ రోజుల్లో శాస్త్రజ్ఞులు జన్యువులు కూడా పరీక్షించి చుట్టరికం తేలుస్తున్నారు.

ఇక పేరు సంగతి. మన పులసను బెంగాల్లో ఇలిష్ అంటారు. సింధు నది దగ్గర పల్లా అంటారు. ఊరికో పేరుంటే ఒకరి మాట ఒకరికి ఎలా అర్థమవుతుంది? అందుకని స్వీడన్ దేశపు లిన్నేయస్ ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు. మొదటి మాట ఇంటిపేరు లాంటిది. రెండోది సొంత పేరు. జంతువుల పేర్లకు 1758లో వచ్చిన ఆయన పుస్తకమే మొదలు. ఒకే జాతికి రెండు పేర్లు వస్తే, ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది.

ఈ నియమం దగ్గరే మన పులసకు ఒక కథ ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు కుంఫిణీ వారి కొలువులో విశాఖపట్నంలో ఉండేవాడు. అక్కడి చేపలకు బొమ్మలు వేయించాడు. జాలర్లు చెప్పిన తెలుగు పేర్లనే కింద రాయించాడు. 200 చేపలతో ఆ పుస్తకం 1803లో లండన్లో అచ్చయింది. అందులో మన చేప పేరు "పలసా" అని ఉంది. అయితే అది ఒక్క మాట. రెండు మాటల పేరు కాదు. కాబట్టి లెక్కకు రాలేదు.

1822లో హామిల్టన్ అనే డాక్టరు గంగానది చేపల మీద పుస్తకం రాశాడు. బెంగాలీల మాట తీసుకుని ఈ చేపకు "ఇలిషా" అని పెట్టాడు. 1829లో ఫ్రాన్సు దేశపు కువియే, రస్సెల్ బొమ్మ చూసి "క్లూపియా పలసా" అని పేరు పెట్టాడు. మన జాలర్ల మాట శాస్త్రం పేరయింది! కానీ ఏడేళ్లు ఆలస్యమైంది. రెండూ ఒకే చేప అని తేలాక ఇలిషా నిలిచింది, పలసా పక్కకు తప్పుకుంది. నేటి శాస్త్రం పేరు "టెన్యువలోసా ఇలిషా". మన పేరు నిలవకపోయినా, పుస్తకాల్లో పాత పేరుగా ఇప్పటికీ ఉంది. 

"సరే, ఒకటే చేప అని తెలిస్తే మనకేం లాభం?" అని అడగవచ్చు. లాభం ఉంది.

ఇలస, పులస వేరువేరు అనుకుంటే, సముద్రంలో ఎంత పట్టినా గోదావరికి నష్టం లేదనిపిస్తుంది. ఏట్లో చిన్న పిల్లల్ని పట్టినా సముద్రానికి నష్టం లేదనిపిస్తుంది. రెండూ ఒకటే కాబట్టి లెక్క మారిపోతుంది. ఏట్లో పొదిగిన పిల్ల సముద్రానికి పోవాలి. అక్కడ పెరగాలి. గుడ్లతో మళ్లీ ఏటికి రావాలి. ఈ దారిలో ఎక్కడ తెగినా రెండు చోట్లా చేప తగ్గుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అది డెల్టాకు అన్నం పెట్టింది. పులసకు మాత్రం పైదారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఉన్న ఏరే. ఆ కాస్త దారిలో సన్నకన్ను వలతో పిల్లల్ని ఊడ్చేస్తే, రేపు వలలో ఏం పడుతుంది? బంగ్లాదేశ్‌లో ఇది గ్రహించారు. 25 సెంటీమీటర్ల లోపు పిల్లల్ని పట్టకుండా ఏటా కొన్ని నెలలు నిషేధం పెట్టారు. గుడ్లు పెట్టే రోజుల్లో కూడా వేట ఆపారు.

రేవులో బేరం దగ్గరికి మళ్లీ వద్దాం. "ఇది ఇలసా, పులసా?" అని అడిగితే శాస్త్రం "జాతి ఒకటే" అంటుంది. "ఇది గోదాట్లో పడిందా, సముద్రంలో పడిందా?" అన్నది వేరే ప్రశ్న. రుచి, ధర ఆ ప్రశ్న మీద ఉంటాయి. దానికి జవాబు చెప్పాల్సింది అమ్మే మనిషి నిజాయితీ.

వేలెడంత పులస పిల్ల వలలో పడితే తిరిగి నీళ్లలో వదలండి. అది సముద్రంలో ఇలసగా పెరుగుతుంది. బతికి ఉంటే పులసగా మళ్లీ మన రేవుకు రావచ్చు.