ఆరోగ్యపు జమాఖర్చు

(ఏలూరు సభలో చేసిన ప్రసంగ పాఠము)



2020 డిసెంబరు మొదటివారమున ఈ ఏలూరు వీధులలో జనులు మూర్ఛలు వచ్చి కూలిపోయిరి. కొలది దినములలో రోగుల సంఖ్య ఆరువందలు దాటినది. సర్కారు ఆసుపత్రిలో ఉచితముగా చికిత్స జరిగినది. పెక్కుమంది శీఘ్రముగనే కోలుకొనిరి. కొందరి రక్తములో సీసము, నికెలు కనబడినవి. పిమ్మట నిపుణులు పురుగుమందుల శేషములను శంకించిరి. చికిత్సకైన వ్యయము దస్త్రములకెక్కినది. పోయిన కూలిని, తల్లుల భీతిని ఏ పద్దున వ్రాసిరి?

ఆరోగ్యార్థశాస్త్రమున నేటి వివాదము ఈ పద్దును గూర్చియే. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము, దేశపు వైద్యవ్యయములో ప్రజలు చేతినుండి చెల్లించు భాగము 2013-14లో నూటికి 64.2, 2021-22లో 39.4. సంతోషింపదగినదే. కాని ఈ తగ్గుదలకు ఆధారమైన కుటుంబ సర్వేనే కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు శంకించుచున్నారు. వారి శంక మనకు తెలియనిది కాదు. కొల్లేటి లంకలోని కూలివాడు జ్వరమున పడియు, దారిఖర్చులకును కూలినష్టమునకును వెరచి ఏలూరు రాకున్నచో, వాని వైద్యవ్యయము సున్న. లెక్కలలో ఆ సున్నయే అభివృద్ధిగా కనబడును!

2007లో ఆరంభమై, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యనబడు ఆరోగ్యశ్రీ, పెద్ద శస్త్రచికిత్సల అప్పులనుండి అనేక కుటుంబములను కాపాడినది. దానిని చులకన చేయము. కాని తాడేపల్లిగూడెము మార్కెట్టులో బస్తాలు మోయు హమాలీకి రక్తపోటు మాత్రలు నెలనెలా కావలెను. ఆరోగ్యకేంద్రమున అవి లేనినాడు మందుల అంగడియే శరణ్యము. వైద్యము తక్కిన సరకులవంటిది కాదని 1963లోనే కెన్నెత్ యారో అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు వివరించెను. తనకేమి కావలెనో తెలియని రోగి బేరమెట్లాడగలడు? సొమ్ము లేనికారణమున ఎవ్వరికిని వైద్యము లేకపోరాదనియు, రోగనివారణకు ప్రాముఖ్యమీయవలెననియు 1946లోనే భోర్ సంఘము చెప్పినది.

నివారణ యనగా మొదట నీరు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న మన కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినది. పొలముల రసాయనములు, పట్టణముల మురుగు, చేపలచెరువుల నీరు అందే చేరుచున్నవి. లాభము కొందరి పెట్టెలోనికి, నష్టము ఎందరి దేహములలోనికో! ఏ ధరలోను ఈ నష్టము కలియుటలేదు.

మేము కోరునది రెండే. ప్రతి ఊరి త్రాగునీటి పరీక్షాఫలితమును పంచాయతీ గోడపై తెలుగులో వ్రాయవలెను. ఆరోగ్యకేంద్రమున నెలకు సరిపడు మందులు ఎప్పుడును ఉండవలెను. కత్తిగాటుకు లక్షలిచ్చు ప్రభుత్వము కడవెడు మంచినీటికి ముందుగా ఈయవలెను. ఇది దానము కాదు; ప్రజల సొమ్ము ప్రజలకే చెల్లుట.