తలదెబ్బ తగిలిన విద్యార్థి

స్కూటరుపైనుండి పడియో, ఆటలో ఢీకొనియో తలకు దెబ్బ తగిలిన కళాశాల విద్యార్థికి పైకి గాయము కానరాకపోవచ్చును. స్కానులోను లోపము తేలకపోవచ్చును. వైద్యులు దీనిని కన్‌కషన్ అందురు. అక్షరములు అలుకుకొనిపోవును, వెలుతురు, సద్దు భరింపరానివగును. దానిని సోమరితనమని పెద్దలు భ్రమపడుటయే విషాదము.

2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు బాధ పూర్తిగా తగ్గువరకు మంచము పట్టియుండుట మేలుగాదనిరి. మొదటి ఒకటి రెండు దినములు మితవిశ్రాంతి, పిమ్మట కొలదికొలదిగా చదువు. చదువు కుదుటబడిన పిదపనే, వైద్యుని అనుమతితో, పూర్తిగా ఆట. వాంతులు, మగత, తలనొప్పి హెచ్చినచో తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

కళాశాల చేయవలసినది స్వల్పమే: అరపూట తరగతి, నడుమ విరామము, మిత్రుల నోట్సు, పరీక్షకు అదనపు గడువు, హాజరులో సడలింపు. విరిగిన చేతికి కట్టు చూచి అందరును జాలిపడుదురు. కట్టులేని ఈ గాయమునకు పెద్దల నమ్మకమే కట్టు.