ఒకటి, రెండు, మూడు, నాలుగు దాటాక

గిటార్ పట్టిన ప్రతివాళ్లకూ మొదట్లోనే తగిలే పాఠం ఒకటుంది. ఎడమచేతి చూపుడువేలి నుంచి చిటికెనవేలి దాకా వరసగా నాలుగు ఫ్రెట్ల మీద వేస్తూ ఆరు తీగలూ దాటడం. వారం తిరిగేసరికి వేళ్లు వాటంతటవే నడుస్తాయి, మనసు మాత్రం వంటింట్లోని పోపు వాసన వెంట పోతుంది.

ఆ నాలుగు వేళ్ల వరసే మార్చి చూడండి. 1-3-2-4, 4-2-3-1... మొత్తం 24 రకాలొస్తాయి. ఉంగరపువేలు, చిటికెనవేలు పక్కపక్కన వచ్చేచోట చెయ్యి మొరాయిస్తుంది. కాసేపు అక్కడే ఉండండి.

ఇంకో తమాషా. నాలుగేసి స్వరాల వరసలో మూడు స్వరాలకొకసారి గట్టిగా మీటండి. ఊనిక ఒక్కోసారి ఒక్కో వేలి మీద పడుతూ, 12 స్వరాలయ్యాక గానీ మొదటి వేలికి తిరిగి రాదు. చతురశ్రంలో తిశ్రం అన్నమాట, మన సంగీత పాఠాలు నేర్చినవాళ్లకు కొత్తేమీ కాదు.

కుడిచేతికి ఇటలీ విద్వాంసుడు మావ్రో జూలియాని 200 ఏళ్ల కిందటే దారి చూపాడు. ఆయన మొదటి ఓపస్‌లో 120 కుడిచేతి అభ్యాసాలుంటే, ఎడమచేతికి సీ, జీ సెవెన్ రెండే కార్డులు! మారేదల్లా వేళ్ల అల్లికే. నేనైతే ఆ రెండూ తీసేసి, నచ్చిన సినిమా పాటలోని కార్డులు పెట్టుకుంటాను.

అన్నీ ముందు మెల్లగానే. తీగ గరగరమందా? వేలు ఫ్రెట్ కమ్మీకి దూరంగా పడి ఉంటుంది, కాస్త దగ్గరికి జరపండి.