చెయ్యి పట్టి నేర్చుకునే విద్య

(పోతిరెడ్డిపల్లిలో జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా వైద్యవిద్య గురించి మాట్లాడే హక్కు మనకుంది. ఆ పిల్లలు నేర్చుకునేది మన ఒంటిమీదనే కదా!

మన సంగారెడ్డిలో 2022లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. నాలుగున్నర ఏళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ ముగిస్తే వారు డాక్టర్లు. మన మనుమలకు మందు రాసేది వారే.

2019లో చేరిన విద్యార్థులతో దేశమంతటా కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. మొదటి ఏడాది నుంచే రోగులను చూడాలి. ఇంజక్షన్లు, కుట్లు ముందు బొమ్మల మీద అభ్యసించాలి. చేసిన పని లాగ్‌బుక్‌లో రాస్తే అధ్యాపకుడు సంతకం చేయాలి. సంతకం విలువ మనకు తెలుసు. పని చూడకుండా పెట్టిన సంతకం ఎంత చేటో కూడా తెలుసు. క్యాష్‌బుక్కులో తప్పు దిద్దుకోవచ్చు. మనిషి ప్రాణం విషయంలో ఆ అవకాశం ఉండదు. కనుక పక్కన నిలబడి నేర్పే గురువు లేకపోతే ఎన్ని నిబంధనలున్నా కాగితం మీదే ఉంటాయి.

ఇక మర్యాద సంగతి. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో మా ఆవిడ మంచం చుట్టూ ఏడెనిమిది మంది విద్యార్థులు చేరారు. "అమ్మా, చూడవచ్చునా?" అని ఒక్కరూ అడగలేదు. ఒకరి తర్వాత ఒకరు పొట్ట నొక్కి వెళ్లారు. ఆ తర్వాత మరోచోట ఒక అమ్మాయి ఎంతో వినయంగా అడిగినా, ఆమె వద్దనేసింది. ఆ అమ్మాయికి పాఠం పోయింది, మా ఆవిడకు ఆసుపత్రి అంటేనే బెదురు పట్టుకుంది. అడగడం కూడా వైద్యంలో భాగమేనని ముందుగా నేర్పాలి.

మనది పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల ప్రాంతం. రోగిని "నీవు చేసే పని ఏమిటి?" అని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు. దగ్గుతో వచ్చిన కార్మికుణ్ణి ఆ ఒక్క మాట అడగకపోతే, మందు మింగి అతడు మళ్లీ ఆ దుమ్ములోకే వెళతాడు. ఈ ప్రశ్న అడిగే అలవాటు మంచం పక్కనే అబ్బుతుంది.

మిత్రులారా, మనం చేయగలిగినవి రెండున్నాయి. విద్యార్థి అనుమతి అడిగితే, పైన డాక్టరు ఉంటే, కాదనకండి. ఇష్టం లేకపోతే వద్దనే హక్కు మనకెప్పుడూ ఉంటుంది. రెండోది, విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకుని ఆరోగ్యం కనిపెట్టి ఉండాలనే నియమం వచ్చింది. మీ ఊరి ఇంటికి వస్తే కుర్చీ వేసి, ఉన్నదున్నట్టు చెప్పండి. పాత ప్రిస్క్రిప్షన్లన్నీ చూపండి.

మన ఫైళ్లు మూసివేసి ఎన్నేళ్లయినా, పాఠం చెప్పే పని మనకింకా మిగిలే ఉంది.